పౌనఃపున్య మార్పిడి: ఫ్రీక్వెన్సీ కన్వర్టరు

2011 మార్చి 11న జపాను తూర్పుతీరాన సంభవించిన భూకంపం, సునామీల వలన అనేక విద్యుత్కేంద్రాలు ఒక్కసారిగా మూతపడినవి. టోకియో ప్రాంతంలో వంతులవారీగా కరెంటు కోత విధించవలసి వచ్చినది. అదే దేశపు పశ్చిమభాగంలో మాత్రం కేంద్రాలు యథావిధిగా పనిచేస్తూనే ఉన్నవి. అక్కడి విద్యుత్తు ఇటు ధారాళంగా రాలేకపోవుటకు కారణమేమి? తూర్పు జపానులో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలతోను, పశ్చిమాన 60 ఆవర్తనాలతోను ప్రవహిస్తుంది. 19వ శతాబ్దం చివర టోకియో వారు జర్మనీ నుండి, ఒసాకా వారు అమెరికా నుండి జనరేటర్లు తెప్పించుకొనిన నాటి ఫలితమిది. రెంటినీ కలిపే మార్పిడి కేంద్రాలు నాడు మూడే. వాటి సామర్థ్యం అంతా కలిపినా 1200 మెగావాట్లకు మించదు. అంత పెద్ద నగరపు లోటుకు అది ఏ మూలకు?

ఏకాంతర విద్యుత్తు సెకనుకు పూర్తిచేసే ఆవర్తనాల సంఖ్యయే పౌనఃపున్యం. దీని ప్రమాణం హెర్ట్జ్. మన దేశంలో అది 50. ప్రయోగశాలలో మనకు పరిచయమైన ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని హెచ్చించగలదు, తగ్గించగలదు. పౌనఃపున్యాన్ని మాత్రం రవ్వంత కూడా మార్చలేదు. పరీక్షలలో ఈ రెండు పనులనూ ఒకటిగా వ్రాసే విద్యార్థులు దీనిని గమనింతురు గాక.

పూర్వపు పద్ధతి సులభగ్రాహ్యమైనది. ఒకే ఇరుసుకు ఒకవైపు మోటారును, మరొకవైపు జనరేటరును బిగిస్తారు. 10 ధ్రువాల సింక్రొనస్ మోటారు 50 హెర్ట్జ్ వద్ద నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంది. అదే ఇరుసుపై 12 ధ్రువాల జనరేటరు ఉన్నట్లయితే అది 60 హెర్ట్జ్ విద్యుత్తును ఇస్తుంది. లెక్క సరిపోయినది; కాని బరువు, చప్పుడు, అరుగుదల తప్పవు.

నేటి కన్వర్టరులో తిరిగే భాగమే లేదు. మొదట రెక్టిఫైయరు ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. ఏకముఖ విద్యుత్తుకు పౌనఃపున్యమే లేదు గనుక పాతదాని జాడ అక్కడితో చెరిగిపోతుంది. మధ్యలోని కెపాసిటరు మిగిలిన ఒడుదొడుకులను చదును చేస్తుంది. పిమ్మట ఇన్వర్టరులోని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేలసార్లు తెరుచుకొంటూ, మూసుకొంటూ ఆ విద్యుత్తును సన్నని, వెడల్పైన తునకలుగా కోస్తవి. ఆ వెడల్పులను క్రమంగా పెంచి తగ్గించినచో మోటారు తీగచుట్టలో ప్రవాహం ఇంచుమించు సైను తరంగ రూపమును పొందుతుంది. 20 హెర్ట్జ్ కావాలన్నా, 60 కావాలన్నా తునకల వరుసను మార్చినచో చాలును.

దీని విశేష ప్రయోజనం మోటారు వేగ నియంత్రణము. పౌనఃపున్యాన్ని 120తో గుణించి, ధ్రువాల సంఖ్యతో భాగించగా నిమిషానికి అయస్కాంతక్షేత్రం తిరిగే చుట్లు వస్తవి. 4 ధ్రువాలకు 50 హెర్ట్జ్ వద్ద 1500. ఇండక్షన్ మోటారు దీనికి కొంచెం వెనుకబడి తిరుగుతుంది. పౌనఃపున్యాన్ని తగ్గించినప్పుడు వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గించవలెను. లేనిచో ఇనుప గర్భం సంతృప్తమై, తీగచుట్టలు మాడిపోగలవు.

నీటి పంపుల విషయంలో లాభం మిక్కిలి అధికము. నీరు తక్కువ కావలసినప్పుడు వాల్వును బిగించి, మోటారును పూర్తి వేగంతో తిప్పుట మన అలవాటు. సెంట్రిఫ్యూగల్ పంపుకు కావలసిన శక్తి దాదాపు వేగపు ఘనమును అనుసరిస్తుంది. వేగాన్ని 80 శాతానికి తగ్గించినచో శక్తి సుమారు 51 శాతం చాలును! నీటిని ఎక్కువ ఎత్తుకు ఎక్కించే చోట లాభం ఇంతకన్న తగ్గుతుంది.

ఇక మన ప్రాంతపు ఉదాహరణ. దక్షిణ గ్రిడ్, తూర్పు గ్రిడ్ రెండూ పేరుకు 50 హెర్ట్జ్‌వే. అయినను లోటు ఉన్నచోట పౌనఃపున్యం 50కి దిగువకు జారుతుంది, మిగులు ఉన్నచోట పైకి పోతుంది. అడుగు కలవని రెండు గ్రిడ్లను నేరుగా కలుపరాదు. అందువలన 1999లో విశాఖపట్టణం చెంత గాజువాకలో 500 మెగావాట్ల కేంద్రాన్ని నెలకొల్పి, తరువాత దానికి మరొక 500 జతచేసిరి. రెక్టిఫైయరు, ఇన్వర్టరు రెండూ ఒకే ఆవరణలో ఉండి, ఒరిస్సా వైపు నుండి వచ్చిన విద్యుత్తును దక్షిణపు లయకు మార్చి అందించినవి. ఇచట ట్రాన్సిస్టర్లు గాక, భారీ శక్తిని మోయగల థైరిస్టర్లను వాడిరి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో నేరుగా కలిసి, దేశమంతట ఒకే పౌనఃపున్యం ఏర్పడినది. జపానులో అట్టి కలయిక నేటికీ లేదు. 2021లో అక్కడ మరొక 900 మెగావాట్ల మార్పిడి కేంద్రాన్ని ప్రారంభించిరి.