హాలు గడియారం, రేడియో లోపలి ఏరియల్

పోయిన నెల మా అమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. హాలు గడియారంలో నాలుగు కాగానే గేటు మూసేశారు. లోపలికొచ్చి వంట చేసే పిన్నమ్మ ఫోనులో చూస్తే ఇంకా 3-54! మా ఇంట్లో గడియారమే లేదు, మా అవ్వ నీడ చూసి పొద్దు చెప్తుంది. అయినా ఆ ఆరు నిమిషాలకు నాకు ఏడుపొచ్చింది.

ఫోను చూసి పెట్టొచ్చు గదా అంటారు. ఫోను మన చేతికి ఇవ్వరు. సైన్సు సారు పాత రేడియో ఇచ్చారు. వార్తల ముందు కీక్ కీక్ అని టైము శబ్దాలు వస్తాయి, చివరిదానికి ముల్లు కలపాలి.

కానీ వినబడితే గదా! ఉత్త గర్రుమనే మోత. పైనున్న ఏరియల్ పుల్ల మొత్తం లాగాను, ఏమీ మారలేదు. అది ఎఫ్.ఎం.కు, షార్ట్ వేవ్‌కు అంట. మీడియం వేవ్ ఏరియల్ లోపల ఉంటుంది. సారు మూత తీసి చూపించారు. నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దానిమీద సన్న రాగితీగ చుట్లు. కడ్డీ కొన స్టేషను వైపుంటే శబ్దం తగ్గుతుంది. కడ్డీ అడ్డంగా ఉంటే బాగా వస్తుంది.

పరీక్ష చేశాం. బంగారుపాళ్యానికి తూర్పున చెన్నై, పడమర బెంగళూరు, ఉత్తరాన కడప. కడ్డీని తూర్పు పడమరలుగా పెట్టి ఒక్కొక్క స్టేషనే చూశాం. చెన్నై, బెంగళూరు రెండూ సన్నగిల్లాయి, 900 కిలోహెర్ట్జ్ దగ్గర కడప గట్టిగా పలికింది. ఉత్తర దక్షిణాలుగా తిప్పితే కడప తగ్గి, ఆ రెండూ లేచాయి. ట్యూబ్‌లైటు ఆపితే మోత సగం పోయింది. ఇనుప ట్రంకుపెట్టె మీద పెడితే మాత్రం అంతా పాడు. ఈ పరీక్ష పగలే చెయ్యండి. రాత్రిపూట దూరం స్టేషన్ల అలలు ఆకాశంలోని అయనోస్ఫియర్ పొర నుంచి తిరిగొచ్చి కలుస్తాయి, దిక్కు తెలీదు.

జర్మనీలో మైన్‌ఫ్లింగెన్ నుంచి 77.5 కిలోహెర్ట్జ్ మీద టైము పంపుతారు. అక్కడి గడియారాలు దాన్ని విని వాటంతట అవే సరిచేసుకుంటాయి. ఆ అల పొడవు దాదాపు 3.9 కిలోమీటర్లు. దాన్ని పట్టేది గడియారంలోని వేలెడంత ఫెర్రైట్ కడ్డీ! అదీ స్టేషనుకు అడ్డంగానే ఉండాలి. జపానులో 40, 60 కిలోహెర్ట్జ్ మీద పంపుతారు. మన దేశపు టైమును ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ అణు గడియారాలతో చూసుకుంటుంది. కానీ గడియారాలు పట్టుకునే అట్లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ స్టేషను మనకు లేదు. జర్మనీ గడియారం తెచ్చినా ఇక్కడ మామూలు గడియారమే.

కాబట్టి మనమే కలపాలి. మన గడియారం వారానికి అర నిమిషం ముందుకు పోతోంది. ప్రతి శనివారం నేను కలుపుతాను. వరండా కిటికీ గట్టు మీద సుద్దముక్కతో గీత గీశాను, దానిమీది రేడియోను ఎవరూ తిప్పవద్దు.

వార్డెన్ అమ్మగారూ, వచ్చే ఆదివారం మా అమ్మ మళ్లీ వస్తోంది. గడియారం సరిచేశాను, ఒకసారి చూడండి.