నలభై దగ్గరపడుతున్న పురుషులకు రక్తపరీక్షలు



మన ఇళ్లలో ఒక సంగతి గమనించండి. భార్య గర్భవతిగా ఉన్నప్పుడు ఆమెకు హిమోగ్లోబిన్, షుగర్, మూత్రం, బి.పి. అన్నీ చూస్తారు. అదే ఇంట్లో నలభై ఏళ్ల భర్త జ్వరం వస్తే తప్ప రక్తం ఇచ్చి ఉండడు. "నాకేమైంది, మంచిగనే ఉన్న గదా" అంటాడు. షుగర్, బి.పి., కొలెస్ట్రాల్ మొదటి సంవత్సరాల్లో ఏ నొప్పీ పెట్టవు. అందుకే మంచిగా ఉన్నప్పుడే వీటిని చూడాలి.

గల్ఫ్‌కు వెళ్లేవారు "మెడికల్ ఫిట్ వచ్చింది" అని ధీమాగా ఉంటారు. ఆ పరీక్షలు ముఖ్యంగా మనిషి పనికి సరిపోతాడా, అంటువ్యాధులు ఉన్నాయా అని చూడడానికి పెట్టినవి. పదేళ్ల తర్వాత గుండె సంగతి చెప్పడానికి కాదు. మొదటి గుండెపోటు మన దక్షిణాసియా వారికి సగటున 53 ఏళ్లకు, ఇతర దేశాలవారికి దాదాపు 59 ఏళ్లకు వస్తున్నదని ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2007లో తెలిపింది. దేశంలో పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా షుగర్ ఉందని, మరో 15 మంది దాని అంచున ఉన్నారని 2023లో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం చెప్పింది. ఆ అంచున ఉన్నవారిని పట్టుకోవడమే ఈ పరీక్షల అసలు లాభం. తిండి తగ్గించి, రోజూ నడిస్తే వారిలో చాలామంది షుగర్‌ను దూరంగా ఉంచుకోగలరు.

పరగడుపు షుగర్ 100 లోపు ఉండాలి. 100 నుండి 125 వరకు అంచు. 126 లేదా ఎక్కువ వస్తే మరొకసారి పరీక్షించి నిర్ధారిస్తారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ1సి పరీక్షలో 5.7 లోపు మంచిది, 6.5 లేదా ఎక్కువ ఉంటే షుగర్ వ్యాధి. పరగడుపు అంటే 8 నుండి 12 గంటలు. మంచినీళ్లు తాగవచ్చు. రాత్రంతా సాంచెల మీద నిలబడి, మధ్య మధ్య ఛాయ్ తాగి, ఉదయం వస్తే అది పరగడుపు కాదు. అటువంటివారు సెలవు రోజున రండి. శ్రమకాలంలో ఉపవాసమున్నాం కదా అని సాయంత్రం రక్తం ఇవ్వడానికి కూడా రావద్దు, అంతసేపు ఏమీ తినకపోయినా లెక్క మారుతుంది. ముందు రోజు కల్లు, మందు తాగితే రక్తంలో కొవ్వు ఎక్కువ చూపిస్తుంది.

కిడ్నీ కోసం క్రియాటినిన్ చూస్తాము. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో గోలీలు కొని నెలల తరబడి మింగేవారు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి, ఆ గోలీల పేర్లు మాకు చెప్పాలి. పురుషులకు హిమోగ్లోబిన్ 13 కంటే తక్కువ ఉంటే టానిక్ తాగి ఊరుకోకూడదు. మొలలు, కడుపులో పుండు, పేగుల జబ్బు ఏదైనా లోపల రక్తం పోగొడుతూ ఉండవచ్చు. బి.పి.కి, నడుము కొలతకు సూదితో పనిలేదు, వాటిని కూడా చూపించుకోండి. నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు.

డెబ్బై, ఎనభై పరీక్షల ప్యాకేజీలకు డబ్బు పోయవద్దు. ప్రోస్టేట్ రక్తపరీక్ష కూడా ఈ వయసులో అందరికీ అవసరం లేదు. మూత్రానికి ఇబ్బంది ఉంటే డాక్టరుగారు చెబుతారు. షుగర్, బి.పి. 30 ఏళ్లు నిండినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో కూడా చూస్తారు. ఎక్కడ చేయించుకున్నా మాకు సంతోషమే.

2022 మార్చిలో హెల్త్ ప్రొఫైల్ పథకాన్ని ములుగుతో పాటు మన రాజన్న సిరిసిల్ల జిల్లాలోనే మొదలుపెట్టి, 18 ఏళ్లు నిండినవారి ఆరోగ్య వివరాలు రాసుకున్నారు. అప్పుడు 38 ఏళ్లున్నవారు ఇప్పుడు నలభై దాటారు. ఆనాటి చీటీ పెట్టెలో ఉంటే వెతికి తీసుకురండి. అప్పుడు 94 ఉన్న షుగర్ ఇప్పుడు 108 అయితే, ఆ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే డాక్టరుగారికి సంగతి అర్థమవుతుంది.

అన్నీ బాగుంటే షుగర్, బి.పి. ఏడాదికొకసారి చాలు. తల్లికో తండ్రికో షుగర్ ఉన్నవారు ముప్పై నుండే మొదలుపెట్టండి. దుబాయ్, మస్కట్ నుండి సెలవు మీద వచ్చినవారు వెళ్లేముందు రోజు కాక, వచ్చిన మొదటి వారంలోనే రండి. తేడా కనిపిస్తే రెండవసారి పరీక్షించాలి, మందు ఒంటికి పడుతుందో లేదో చూడాలి. దానికి కనీసం మూడు, నాలుగు వారాలు కావాలి.