ఛత్రా శబ్దము – ధాన్యక కుటుంబపు పుష్పనిర్మాణము

అమరకోశమున ధనియాలకు ధాన్యాకము, కుస్తుంబురు, వితున్నకము అను పేళ్లతోపాటు ఛత్రా యను పేరును కలదు. శతపుష్పకు సితచ్ఛత్రా, అతిచ్ఛత్రా యను నామములు చెప్పబడినవి. మొదటిది వైశ్యవర్గమున వంటద్రవ్యముల నడుమను, రెండవది వనౌషధివర్గమునను ఉన్నవి. వర్గములు వేరైనను పేళ్లలోని గొడుగు ఒక్కటే. పాశ్చాత్యులు ఈ కుటుంబమునకు అంబెల్లిఫెరె యని పేరిడిరి. లాటిన్ భాషలో అంబెల్లా యనగా చిన్న నీడ, గొడుగు. రెండు భాషలును ఒకే లక్షణమును పట్టుకొన్నవి. అయితే నామసామ్యము బంధుత్వమునకు ప్రమాణమగునా? దీనికి సమాధానము పుష్పమే చెప్పవలెను.

తెనాలి పరిసరముల పెరటిమళ్లలో పూతకు వదలిన కొత్తిమీరను పరిశీలించిన విషయము స్పష్టమగును. కాడ చివర ఒకేచోటినుండి కొన్ని పుల్లలు గొడుగు కమ్ములవలె వెడలును. ప్రతి పుల్ల కొనయందు మరల ఒక చిన్న గొడుగు. దీనిని సంయుక్త గుచ్ఛమందురు. పువ్వునకు దళములైదు, కేసరములైదు, కీలములు రెండు. అండాశయము దళములకు దిగువ నుండును. దానిపై తేనె నూరు పీఠము కలదు. గుచ్ఛపుటంచు పువ్వులలో వెలుపలి దళములు పెద్దవి. అందుచే గుచ్ఛమంతయు ఒకే పువ్వువలె కీటకములను ఆకర్షించును. ఫలము రెండు బద్దలు, బద్దకొక విత్తనము. రైతులు ధనియాలను నలిపి బద్దలుచేసి విత్తుటలోని మర్మమిదియే.

లిన్నేయసు 1753లో కేసరముల, కీలముల సంఖ్యననుసరించి మొక్కలను విభజించెను. అందుచే రెండు కీలములుగల క్యారట్, ధనియాలు ఒక విభాగమునను, కీలమొక్కటే గల ఐవీ లత వేరొక విభాగమునను పడినవి. కాని ఐవీ పువ్వునందును దళములైదు, కేసరములైదు, తేనెపీఠము, గుచ్ఛవిన్యాసము కలవు. ముఖ్యభేదము ఫలమున నున్నది: ఐవీ ఫలము బద్దలుగా విడివడక కండగలదై యుండును. 2016 నాటి వర్గీకరణమున ఈ రెండు కుటుంబములును, మరి యైదు కుటుంబములతో కూడి, ఏపియేలిస్ అను ఒకే క్రమమున చేరియున్నవి.

మండూకపర్ణి చరిత్రము మరింత బోధకము. లిన్నేయసు దీనిని హైడ్రోకోటైల్ ప్రజాతిలో చేర్చెను. 1879లో ఇది సెంటెల్లా ప్రజాతికి మారినది. డి.ఎన్.ఎ. పరిశోధనల పిదప హైడ్రోకోటైల్ ఐవీ కుటుంబమునకు పోగా, మండూకపర్ణి ధాన్యక కుటుంబముననే నిలిచినది. ఆకుల పోలిక యుండియు వంశములు వేరైనవి.

ఇది కేవలము శాస్త్రచర్చ కాదు. బ్రహ్మి యను పేరు వ్యవహారమున రెండు మొక్కలకు చెల్లుచున్నది: ఒకటి మండూకపర్ణి, మరియొకటి బకోపా. రెండును రేపల్లె ప్రాంతమువంటి డెల్టా తేమనేలలకు అనువైనవే. బకోపా పువ్వున దళములు కలిసియుండును, కేసరములు నాలుగు, అండాశయము దళములకు పైన నుండును. మండూకపర్ణికి విడిదళములు, ఐదు కేసరములు, దిగువ అండాశయము. ఆకుల క్రింద దాగిన ఆ చిన్న పువ్వును చూచినవాడు ఒకదానికి బదులు మరియొకదానిని ఔషధమున వేయడు. అమరమున మండూకపర్ణీ శబ్దము మంజిష్ఠకు పర్యాయముగా నుండుట మరియొక చిక్కు. కోశము నొక్కదానినే నమ్మినవాడు ఇచ్చట పొరబడును.

వాసనయు ప్రమాణము కాదు. పెరళ్లలో పెంచి బజ్జీలు వేయు వాముచెట్టు తులసి కుటుంబమునకు చెందినది. దాని పువ్వునకు రెండు పెదవులుండును. అసలు వాము, అనగా యవానీ, గొడుగుపూల మొక్క. నల్లజీలకర్ర యని వ్యవహరింపబడు కలోంజీయు జీలకర్రకు బంధువు కాదు.

కోశకారుని లక్ష్యము శబ్దబోధ; వస్తునిర్ణయము వేరొక శాస్త్రపు పని. ఈ భేదము నెరిగిన కోశమునకు లోపమేమియు లేదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లోనే వెలసినది. వనౌషధివర్గమును బోధించు అధ్యాపకులు అట్టి సంస్థల వృక్షశాస్త్రజ్ఞుల తోడ్పాటుతో, శ్లోకము వల్లెవేయించిన పిమ్మట పూచిన కొమ్మను విద్యార్థి చేతికిచ్చి కేసరములను, కీలములను లెక్కింపజేయుట మేలు. అపుడు ఛత్రా యన్న శబ్దము చెవికే కాక కంటికిని అర్థమగును.