అయిదు వోల్టులు నిజముగా నున్నవా?
(క్రొత్తగా టంకము వేసిన బోర్డును పరీక్షించు విధము)

విద్యార్థులారా, సైన్సు ప్రదర్శనమునకై మీలో కొందరు అంకెలను లెక్కించు బోర్డును మీ చేతులతోనే టంకము వేసి తయారుచేయుచున్నారు. టంకము చల్లారీ చల్లారకముందే చిప్పులను గ్రుచ్చి స్విచ్చి వేయవలెనని ప్రతివానికిని తొందర కలుగును. ఆ తొందరను ఒక అరగంట ఆపుకొనుడు. చిప్పులు లేని బోర్డుమీద చేయవలసిన పరీక్షను ఈ పాఠమున వివరించెదను. ఇందు నేనే యొకప్పుడు పొరబడి ఒక బాలునికి అన్యాయము చేసియుంటిని గనుక, కష్టమెక్కడ నున్నదో నాకు బాగుగా తెలియును.

మన బోర్డునకు శక్తి నిచ్చు భాగములు నాలుగు: 230 వోల్టులను 9 వోల్టులకు తగ్గించు ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడులు, పెద్ద కెపాసిటరు ఒకటి, 7805 అను రెగ్యులేటరు. 230 వోల్టుల వైపు మూతపెట్టిన పెట్టెలోనే యుండవలెను. దానిని ఉపాధ్యాయుడు తప్ప మరెవ్వరును తాకరాదు.

ప్లగ్గు పెట్టకమునుపే మీటరును ఓముల యొద్ద నుంచి, 5 వోల్టుల తీగెకును నేల తీగెకును సూదులను ఆనించి చూడుడు. అంకె మెల్లగా పెరుగుచున్నచో అది కెపాసిటరు నిండుటయే గాని దోషము కాదు. సున్న యొద్దనే నిలిచిపోయినచో ఎక్కడనో టంకపు బొట్టు రెండు దారులను కలిపియుండును. దానిని కనుగొనువరకు ప్లగ్గు పెట్టరాదు.

తరువాతి అంకెలను ముందు కాగితముమీద లెక్కకట్టి, పిమ్మట కొలువవలెను. 9 వోల్టుల ఏ.సి. శిఖరము దానికి 1.414 రెట్లు, అనగా సుమారు 12.7. విద్యుత్తు ఒక్కసారికి రెండు డయోడులను దాటును గనుక ఒక్కొక్కదానికి 0.7 చొప్పున 1.4 తీసివేయగా 11.3 మిగులును. భారము లేనప్పుడు చిన్న ట్రాన్స్‌ఫార్మరు తనపై వ్రాసియున్నదానికంటె కొంత ఎక్కువయే యిచ్చును. కావున కెపాసిటరునొద్ద 12 గాని 13 గాని కనబడినను వెరవనక్కరలేదు. తొమ్మిది యని వ్రాసియున్నచోట పదమూడు వచ్చెనే యని ఏటేట ఎవరో యొకరు నా యొద్దకు పరుగెత్తుకొని వచ్చుచునే యున్నారు!

7805 యొక్క అక్షరములు మీ వైపున కుండగా ఎడమ కాలు లోపలికి వచ్చు దారి, నడిమిది నేల, కుడిది వెలికిపోవు దారి. కుడికాలినొద్ద 4.8 మొదలు 5.2 వరకు ఉండవలెను. నడిమికాలికి టంకము అంటకున్నచో అయిదుకు మారుగా లోపలికి వచ్చు వోల్టేజి యించుమించుగా అట్లే వెలికి వచ్చును. 7400 వరుస చిప్పులకు కావలసినది 4.75 మొదలు 5.25 వరకే, 7 వోల్టులు దాటిన అవి చెడిపోవచ్చును. ఖాళీ సాకెట్టులతో పరీక్షించుట ఇందుకే.

ఇక సాకెట్టులు. 7400 చిప్పునకు 14వ కాలు అయిదు వోల్టులు, 7వది నేల. 7447నకు 16, 8. ఈ రెంటిని చూచి అన్నియు మూలలయందే యుండునని తలంచుదురు. 7490 అట్లు కాదు. దానికి 5వ కాలు శక్తి, 10వ కాలు నేల.

నేను పొరబడినది ఈ పదవ కాలినొద్దనే. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలుని బోర్డు ఎంత ప్రయత్నించినను లెక్కించలేదు. నేను నల్లసూదిని రెగ్యులేటరు నేలమీదను, ఎఱ్ఱసూదిని 7490 యొక్క 5వ కాలిమీదను ఉంచితిని. మీటరు 5.01 చూపెను. "శక్తి సరిగానే యున్నది, నీవే చిప్పును పాడుచేసితివి" అని తరగతి యెదుట వానిని మందలించితిని. రెండు చిప్పులు మార్చినను ఫలితము లేకపోయెను. మరునాడు ఆ బాలుడు వచ్చి, "మాస్టరుగారూ, నల్లసూదిని పదవ కాలిమీదనే పెట్టి చూడుడు" అనెను. చిప్పు సాకెట్టులో నుండగా అట్లు చూచితిని. 2.8 వోల్టులు! ఆ కాలి టంకము బూడిదరంగు దేరి, చుట్టును వెండ్రుకవంటి పగులుతో నుండెను. దానిని మరల కరగించి క్రొత్త టంకము వేయగానే అంకెలు నడచినవి. నాటి మధ్యాహ్నమే అదే తరగతి యెదుట నా తప్పును ఒప్పుకొంటిని.

ఇందు మరియొక చిక్కున్నది. సాకెట్టు ఖాళీగా నున్నప్పుడు నల్లసూదిని పదవ కాలిమీదనే పెట్టినను మీటరు 5 వోల్టులే చూపియుండెడిది. ఏలయనగా సామాన్యమైన డిజిటల్ మీటరు నిరోధము కోటి ఓములు. చెడిన అతుకు 20 ఓములైనను కోటి యెదుట అది లెక్కలోనిది కాదు. అందు పోగొట్టుకొను వోల్టేజి ఒక వోల్టులో లక్షవ వంతు మాత్రమే. బిందెలకు మాట్లు వేయువాడు మాటును కంటితో చూచి సరిపెట్టుకొనడు గదా. నీరు నింపి చూపును. మనమును అట్లే చేయవలెను. 100 ఓముల, అర వాటు రెసిస్టరు కాళ్లను సాకెట్టులోని శక్తి, నేల రంధ్రములలో దూర్చి, ఆ రెండు కాళ్లమధ్యనే కొలువుడు. అతుకులు మంచివైనచో 50 మిల్లీ ఆంపియరులు పారుచుండగను అంకె అయిదునొద్దనే నిలుచును. అతుకు 20 ఓములదైనచో 120లో 100 వంతులే మనకు దక్కును, అనగా 4.17. అప్పుడు దోషము దానంతట అదే బయటపడును.

ప్రతి సాకెట్టును ఇట్లు చూచిన పిమ్మట ప్లగ్గు తీసి ఒక్క చిప్పును గ్రుచ్చుడు. మరల కొలిచి, మరల ప్లగ్గు తీసి రెండవదానిని గ్రుచ్చుడు. నడుమ నడుమ రెగ్యులేటరు వేడిని గమనించుచుండుడు: 12 వోల్టులు లోపలికి వచ్చి 200 మిల్లీ ఆంపియరులు పారునప్పుడు 7 వోల్టుల తేడా వలన 1.4 వాట్ల వేడి పుట్టును గనుక దానికి అల్యూమినియపు రేకు బిగించుట అవసరము.

ఆ బాలుని బోర్డు ఇప్పటికిని ప్రయోగశాల అలమారులో నున్నది. పదవ కాలి టంకము తక్కినవానికంటె కొంచెము లావుగా నుండును. చూడగోరువారు నన్ను అడుగవచ్చును.