ప్లాన్ మార్చే ముందు పెట్టె దగ్గర కూర్చో

మదురై

తల్లీ,

నువ్వు ఫోన్‌లో నెట్టు బాధ చెప్పిన దగ్గర్నుంచి నా ధ్యాస మీ ఇంటి రౌటర్ మీదే ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి నెలనెలా కడుతున్నారు. అయినా సాయంత్రం నువ్వు కొత్త నైటీల ఫొటోలు, వీడియోలు వ్యాపారులకు పంపడం మొదలుపెట్టగానే బాబు ట్యూషన్‌లో టీచరు బొమ్మ కదలకుండా నిలిచిపోతోంది. అల్లుడు 300 ప్లాన్‌కి మారదామంటున్నాడు. ఇప్పుడే మారకండి. జబ్బు ఎక్కడుందో తెలియకుండా మందు మోతాదు పెంచితే డబ్బు పోతుంది, జబ్బు ఉంటుంది.  

నేను టెలిఫోన్ లైన్ల మీద పనిచేసిన రోజుల్లో రాగి తీగ ఎక్స్ఛేంజిలో తీగలన్నీ కలిసే ఎండీఎఫ్ చట్రం నుంచి వీధి పిల్లర్‌కి, అక్కణ్నుంచి స్తంభం మీది పంపిణీ పెట్టె డీపీకి, చివరికి డ్రాప్ వైరుగా ఇంటికి వచ్చేది. ఫోను మూగపోయిందని ఫిర్యాదు వస్తే నేరుగా ఇంటికి పోయి రిసీవర్ విప్పేవాళ్లం కాదు. మధ్యలో పిల్లర్ దగ్గర ఆగి టెస్ట్ ఫోను తగిలించేవాళ్లం. అక్కడ టోను వస్తే తప్పు ఇంటి వైపు, రాకపోతే ఎక్స్ఛేంజి వైపు. తర్వాత మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేసేవాళ్లం. రాగి పోయి గాజు తీగ, అంటే ఫైబర్, వచ్చినా పద్ధతి అదే. ఇప్పుడు ఆ పిల్లర్ మీ ముందు గదిలో గోడకు కొట్టిన రౌటర్ పెట్టే.

కాబట్టి మొదటి పని: ల్యాప్‌టాప్‌ని లాన్ తీగతో నేరుగా ఆ పెట్టెకి తగిలించు. ఇంట్లో ఫోన్లన్నిటికీ, టీవీకీ వైఫై ఆపెయ్యి. అప్పుడు స్పీడ్ టెస్ట్ చెయ్యి. పొద్దున ఒకసారి, రాత్రి 8, 9 గంటల మధ్య ఒకసారి చేసి, వచ్చినవి కాగితం మీద రాసిపెట్టు. డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్ కూడా. తీగ మీద 90 దాటి వస్తే కంపెనీ ఇస్తానన్నది ఇస్తున్నట్టే, తప్పు మీ ఇంటి లోపలే ఉంది. తీగ మీద కూడా 20, 30 దాటకపోతే తప్పు బయట ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి. అయినా చాలామంది దీన్ని చెయ్యరు, వంటింట్లో నిలబడి ఫోన్‌లో టెస్ట్ నొక్కి కంపెనీని తిడతారు.

అంకెల విషయంలో ఒక్కమాట. కంపెనీ చెప్పేది మెగాబిట్లు, ఫైలు దిగేటప్పుడు చాలాసార్లు కంప్యూటర్ చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. 100 ఎంబీపీఎస్ లైను మీద సెకనుకి 12 మెగాబైట్లు దిగుతుంటే అది సరిగ్గా పనిచేస్తున్నట్టే. రేపు ఎప్పుడైనా పెద్ద ప్లాన్‌కి మారాక టెస్ట్ 94 దగ్గరే నిలిచిపోతే లాన్ తీగని అనుమానించు. అందులో ఎనిమిది సన్న తీగలుంటాయి. నాలుగే సరిగ్గా తగిలితే పెట్టె చప్పుడు చెయ్యకుండా 100కి దిగిపోతుంది. ప్లాన్ కాగితంలో డేటా పరిమితి కూడా చూడు. అది దాటాక వేగం తగ్గిస్తారు. నెలాఖరులోనే నెమ్మదిస్తోందంటే కారణం అదే కావచ్చు.

తీగ మీద బాగుండి వైఫైలో తగ్గితే గదులన్నీ తిరిగి చూడు. నాకు గుర్తున్నంతవరకు మీ పెట్టె పక్కనే అద్దమున్న ఇనుప బీరువా ఉంది. ఇనుము, అద్దం వెనక పూసిన లోహం రేడియో తరంగాలను వెనక్కి కొడతాయి. కాంక్రీటు గోడ మింగేస్తుంది. పెట్టెని బీరువాకి దూరంగా, మనిషి తల ఎత్తున, నడవ వైపు మార్పించు. కుట్టుమిషన్ల గది అదే కదా, నూలు పీచు పెట్టె గాలి రంధ్రాల్లో చేరి వేడెక్కిస్తుంది. కరెంటు తీసి మెత్తటి బ్రష్‌తో దులుపు, తడిగుడ్డ వద్దు.

ఆ పెట్టె రెండు వైఫైలు ఇస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటి దూరం పోతుంది, కానీ పక్కిళ్ల పెట్టెలన్నీ అక్కడే మాట్లాడుకుంటుంటాయి. అందులో ఒకదానితో ఒకటి ఒరుసుకోని చానెళ్లు 1, 6, 11 మాత్రమే, వాటిలో రద్దీ తక్కువున్నదానికి మార్చు. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం, రద్దీ తక్కువ, కానీ రెండో గోడ దగ్గరే నీరసపడుతుంది. బాబు చదువుకునే గది పెట్టెకి ఒక్క గోడ అవతలే కాబట్టి ట్యూషన్‌కి 5 పెట్టు. వెనక వంటింటికి 2.4 చాలు.

ఇక నీ అసలు బాధకు వస్తాను. నువ్వు ఫొటోలు పంపేటప్పుడే బాబు క్లాసు ఆగిపోతోందన్నావు. ఆ ఒక్క మాటలోనే జబ్బు పేరు ఉందని నాకనిపిస్తోంది. నీ ఫొటోలన్నీ ఒక్కసారిగా వచ్చి పెట్టెలో పడతాయి. పైకి పోయే దారి అంత వేగంగా లాగలేదు. మిగిలినవాటిని పారెయ్యకుండా పెట్టె తన మెమరీలో వరస కట్టిస్తుంది. రేషన్ షాపులో ఒకే కౌంటరు ముందు బస్తాలవాళ్లు బారులు తీరి ఉంటే, అగ్గిపెట్టె కొనడానికి వచ్చిన పిల్లవాడు కూడా వాళ్లందరి వెనకే నిలబడాలి కదా. బాబు గొంతు మోసుకుపోయే చిన్న ప్యాకెట్‌కి పట్టిన గతి అదే. వేగం తగ్గలేదు, ఆలస్యం పెరిగింది. ప్లాన్ పెంచి అప్‌లోడ్ పెరిగితే వరస కాస్త తొందరగా కరుగుతుంది. కానీ పంపేవి పెద్దవైతే అదీ నిండుతుంది.

ఈ బాధ మీ ఇంటిది మాత్రమే కాదు. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ, పక్కనే 400 గజాల దూరంలో ఉన్న బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య ఇంటర్నెట్ వేగం సెకనుకి 32 కిలోబిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. తీగలు తెగలేదు, యంత్రాలు చెడలేదు. అందరూ ఒకేసారి తోయడంతో వరసలు నిండిపోయాయి. వాన్ జేకబ్సన్ అనే ఆయన దానికి విరుగుడు కనిపెట్టి 1988లో ప్రచురించాడు. ఈరోజు మన ఫోన్లన్నీ రద్దీ చూసి తగ్గి పంపడం ఆయన పుణ్యమే. తర్వాత మెమరీ చవకైంది, పెట్టెల్లో వరసలు మితిమీరి పెరిగాయి. 2010లో జిమ్ గెటిస్ తన ఇంట్లోనే పెద్ద ఫైలు పంపుతూ ఈ ఆలస్యాన్ని పట్టుకుని దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్‌తో కలిసి అదే జేకబ్సన్ మళ్లీ కోడెల్ అనే పద్ధతి ఇచ్చాడు. వరసలో నిలబడే సమయాన్ని బట్టి పెట్టే రద్దీని సరిచేస్తుంది. పావు శతాబ్దం తర్వాత కూడా అదే సమస్య దగ్గరికి తిరిగి వచ్చిన మనిషంటే నాకు గౌరవం.

మీ ఇంట్లో ఇదేనో కాదో తేల్చుకోవడం తేలిక. తీగతో ఉన్న ల్యాప్‌టాప్‌లో కమాండ్ విండో తెరిచి పింగ్ 192.168.1.1 కొట్టు. మీ పెట్టె అడుగున వేరే నంబరుంటే అది. ఒకటి రెండు మిల్లీసెకన్లలో జవాబు రావాలి. తర్వాత ఇంటి బయటి అడ్రసుకి పింగ్ 8.8.8.8 కొట్టి (విండోస్ అయితే పింగ్ -t 8.8.8.8), అది నడుస్తుండగా ఫోన్‌కి వైఫై మళ్లీ పెట్టి దాన్నుంచి వీడియోలు పంపడం మొదలుపెట్టు. 20, 30 ఉన్న అంకె ఒక్కసారిగా 300, 500కి ఎగబాకి, పంపడం ఆపగానే కిందికి దిగితే ఇక సందేహం అక్కర్లేదు.

అప్పుడు పెట్టె సెట్టింగుల్లో క్యూఓఎస్ అనో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ అనో ఉందేమో చూడు. ఉంటే, తీగ మీద వచ్చిన అప్‌లోడ్‌లో 85 శాతం దగ్గర పరిమితి పెట్టు. కాస్త వేగం వదులుకున్నట్టుంటుంది గానీ వరస కట్టడం తగ్గుతుంది. లేకపోతే ఖర్చు లేని ఉపాయం ఉంది. ట్యూషన్ గంటలో వీడియోలు పంపకు, బాబు లేచాక పంపు. వ్యాపారులు గంట ఆగుతారు.

పరీక్షలో తప్పు బయటే అని తేలితే పెట్టె మీద ఎల్ఓఎస్ దీపం చూడు. ఎర్రగా వెలిగితే వెలుతురు అసలు రావడం లేదు. వెలగకపోయినా సెట్టింగుల్లో ఆప్టికల్ పవర్ అంకె చూడు. మైనస్ 20 చుట్టూ ఉంటే మంచిది, మైనస్ 27 దాటి కిందికి పోతే బలహీనం. గాజు తీగని కిటికీ చట్రం దగ్గర మడిచి మేకు కొట్టి ఉంటే ఆ మడత దగ్గరే వెలుతురు బయటికి కారిపోతుంది. ఆడి మాసపు గాలికి స్తంభాల మీద ఊగే తీగ కూడా జాయింట్ల దగ్గర దెబ్బతింటుంది. వాటిని నువ్వు ముట్టుకోకు. తీగ కొనలోకి కళ్లు పెట్టి చూడవద్దని పిల్లలకు గట్టిగా చెప్పు, అందులోంచి వచ్చేది కంటికి కనిపించని లేజర్.

పెట్టెని ఆపి మళ్లీ వెలిగించడంలో తప్పు లేదు. వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చడం మాత్రం వద్దు. కంపెనీవాళ్లు పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెరిగిపోయి మనిషి వచ్చేదాకా నెట్టు ఉండదు. మార్పులు కూడా ఒక్కొక్కటే చెయ్యి, ప్రతి మార్పు తర్వాత కొలువు. పెట్టె జరిపి, చానెల్ మార్చి, పరిమితి పెట్టడం ఒకే రోజు చేస్తే దేనివల్ల బాగుపడిందో నీకే తెలియదు.

కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు "నెట్టు స్లో" అనవద్దు. తీగ మీద, ఒకే యంత్రంతో, ఏ తేదీన ఎన్ని గంటలకు ఎంత వచ్చిందో చదువు. ఫిర్యాదు నంబరు రాసుకో. పరిష్కారం కాకపోతే ఆ నంబరుతోనే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి వెళ్లవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అది నీ హక్కు. దేశంలో 2023 జనవరి నుంచి సెకనుకి 2 మెగాబిట్లకు తగ్గినదాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనడానికే లేదు. కానీ నువ్వు అడగాల్సింది ఆ కనీసం గురించి కాదు, డబ్బు కట్టిన 100 గురించి.

కాగితం మీద అంకెలన్నీ రాశాక ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. అల్లుడితో చెప్పు, నేను చూసేదాకా 300 ప్లాన్‌కి డబ్బు కట్టవద్దని.

మీ పెదనాన్న