గాలి టెంటా, రాడ్ల టెంటా?

ప్రశ్న: నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు డిసెంబరులో గండికోట వెళ్లి రెండు రాత్రులు టెంటులో ఉందామనుకుంటున్నాం. పంపుతో గాలి కొట్టే టెంటు నాకు నచ్చింది. ధర ఎక్కువ. రాడ్ల టెంటు చాలంటాడు మా బావమరిది. ఇంట్లో పంచాయితీ తెగడం లేదు.
– ఎర్రమంజిల్ కాలనీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బావమరిదే గెలిచాడు. ధర సంగతి పక్కన పెట్టండి, ఆయన్ని గెలిపించింది గండికోట రాయి. పెన్నా లోయ అంచున చాలాచోట్ల మేకు దిగదు. కుటుంబానికి సరిపడే గాలి టెంట్లు ఎక్కువగా సొరంగం ఆకారంలో వస్తాయి. గాలి గొట్టాలు వరసగా కమానుల్లా లేస్తాయి, ముందూ వెనకా మేకులు కొట్టి గుడ్డ లాగితేనే నిలుస్తాయి. మేకు లేకపోతే పక్కకి ఒరిగిపోతాయి. రెండు రాడ్లు అడ్డంగా దాటే డోము టెంటు మేకుల్లేకుండానే తనంతట తాను నిలబడుతుంది. ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు కూడా. మూలల్లో సామాను పెట్టి, తాళ్లు పెద్ద రాళ్లకు కట్టండి. మట్టి నేల ఉన్న క్యాంపు చోటు ముందే మాట్లాడుకుంటే సంగతి వేరు.

ఎలా వెళ్తున్నారో మీరు రాయలేదు. ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, అక్కణ్నుంచి జమ్మలమడుగు వైపు బస్సు పట్టుకునేట్టయితే గాలి టెంటు మాట మరచిపోండి. నలుగురి గాలి టెంటు తేలిగ్గా 10 కిలోలు దాటుతుంది, పంపు అదనం. కారుంటే ఆ బాధ లేదు.

గాలి టెంటును తీసిపారేయడం లేదు. చీకటి పడ్డాక, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే, ఒక్క మనిషి పంపు కొట్టి లేపగలడు. రాడ్డు సందులో దూర్చడాలూ, ఏది ఎక్కడిదని వెతుక్కోడాలూ ఉండవు. ఈదురుగాలికి గొట్టం వంగి మళ్లీ లేస్తుంది. చవక ఫైబర్‌గ్లాస్ రాడ్డు మాత్రం నిలువునా చీలి, దాని పేళ్లు వేలిలో గుచ్చుకుంటాయి. డబ్బు పెట్టదలిస్తే అల్యూమినియం రాడ్లున్న డోముకు పెట్టండి. విరిగిన చోట తొడిగే చిన్న గొట్టం ముక్క ఒకటి దగ్గరుంచుకోండి.

మీరు అడగకపోయినా ఒక మాట. టెంటు ఎగిరిపోయిందని వాపోయే ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. తాళ్లు కట్టారా అని ఎదురడిగితే, సంచిలోనే ఉన్నాయంటారు! మన వీధిలో పెళ్లికి షామియానా వేసే టెంట్ హౌస్ కుర్రాళ్లను చూడండి. గుంజలు నిలబెట్టి చేతులు దులుపుకోరు. నాలుగు వైపులా తాడు లాగి, మేకు దిగని చోట కరెంటు స్తంభానికో గేటుకో కట్టి, బిగువు చూసుకుని గానీ కదలరు. వేలకు వేలు పోసి టెంటు కొన్నవాళ్లకు ఆ పాటి ఓపిక లేదు. మేకు తల టెంటుకు ఎడంగా వాలాలి, తాడు దానికి అడ్డంగా రావాలి. నిటారుగా కొట్టిన మేకు మొదటి గాలికే ఊడొస్తుంది. గాలి టెంటయినా రాడ్ల టెంటయినా దీనికి మినహాయింపు లేదు.

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకి తెచ్చిన జంపింగ్ బెలూన్ కరెంటు పోగానే కూలబడింది. గాలి టెంటు కూడా నిద్రలో మీద పడుతుందా?
– పంజగుట్ట

జవాబు: పడదు. ఆ బెలూన్ కుట్ల గుండా గాలి కారుతూనే ఉంటుంది, బ్లోయరు ఆగకుండా నింపుతుంటుంది. టెంటు గొట్టంలో గాలి చొరబడని సంచి ఉంటుంది, దానిపైన గట్టి గుడ్డ తొడుగు. ఒకసారి కొట్టి మూత బిగిస్తే సరిపోతుంది. చాలా టెంట్లలో గొట్టాలు విడివిడిగా ఉంటాయి, ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి.

ప్రశ్న: చలికి టెంటులో చిన్న గ్యాస్ స్టవ్ వెలిగించుకోవచ్చా?

జవాబు: వద్దు. మంటే కాదు, కంటికి కనపడని కార్బన్ మోనాక్సైడ్ కూడా నిద్రలోనే చంపుతుంది.

ప్రశ్న: మేలో అనంతగిరి దగ్గర గాలి టెంటు వేశాం. మధ్యాహ్నానికి గొట్టాలు రాయిలా బిగిశాయి, తెల్లారేసరికి మెత్తబడ్డాయి. టెంటు పాడైనట్టేనా?
– అమీర్‌పేట

జవాబు: లేదు, ఎండ చేసే పనే. 25 డిగ్రీల్లో 7 పీఎస్ఐ కొట్టిన గాలి 45 డిగ్రీలకు దాదాపు ఎనిమిదిన్నర అవుతుంది. ఎండలో మాడే గుడ్డ అంతకన్నా వేడెక్కుతుంది. పొద్దెక్కగానే కాస్త గాలి వదలండి, సాయంత్రం నింపండి. అనుమానం తీరకపోతే ఇంటి హాల్లో ఒక రోజు నిలబెట్టి చూడండి. మెత్తబడితే ముందు వాల్వులో దుమ్ముందేమో తుడిచి, తర్వాత సబ్బు నీళ్లు రాయండి.

ప్రశ్న: ఎండాకాలం సెలవుల్లో అపార్టుమెంటు మేడ మీద పిల్లలకు టెంటు వేస్తే? స్లాబుకు మేకులు కొట్టొచ్చా?

జవాబు: కొడితే వానాకాలంలో పై అంతస్తు వాళ్లు మీ తలుపే తడతారు. రాడ్ల డోము వేసి, తాళ్లను నాలుగు 20 లీటర్ల నీళ్ల క్యాన్లకు కట్టండి. పై రెయిన్‌కవర్ తీసేసి లోపలి వల మాత్రం ఉంచండి. పగలంతా కాగిన స్లాబు రాత్రి కూడా వేడి కక్కుతుంది, అందుకని కింద మందపాటి బొంత పరవండి.