మరమనిషి పక్కన మామూలు మనిషి

కిందటి సెలవుల్లో ట్రెయినింగు కోసం ఒక ఫ్యాక్టరీకి వెళ్ళాను. అక్కడ వెల్డింగు చేసే రోబో ఒకటి, దాని చుట్టూ ఇనుప కంచె. ఒకరోజు అది కదలకుండా ఉంటే, ఆగిపోయిందనుకుని కంచె తలుపు తీసి లోపల అడుగు పెట్టబోయాను. ఫోర్‌మన్ గారు వెనకనుంచి కేకేశారు: "ఆగలేదయ్యా అది, సిగ్నలు కోసం కాచుకునుంది!" మరుక్షణంలో ఆ ఇనుప చెయ్యి విసురుగా తిరిగింది. తలుపు తీయగానే కరెంటు ఆపాల్సిన స్విచ్చి చెడిపోయిందని తర్వాత తెలిసింది.

ఇటువంటి భయం ఉత్తది కాదు. 1979 జనవరి 25న అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, ఫ్లాట్‌రాక్ పోత కర్మాగారంలో రాబర్ట్ విలియమ్స్ అనే కార్మికుడు రోబో దెబ్బకు చనిపోయాడు. రోబో వల్ల పోయిన మొదటి ప్రాణం అదేనంటారు.

అందుకే చాలాకాలం రెంటికీ మధ్య కంచె ఉండేది. ఇప్పుడు మనిషి పక్కనే పనిచేసే 'కోబాట్'లు వచ్చాయి. మరి కంచె లేకపోతే ఎంత దూరం ఉండాలి? మనిషి నడక సెకనుకు 1.6 మీటర్లని ప్రమాణాల్లో లెక్క. మనిషిని గుర్తించడానికి రోబోకి 0.1 సెకను, ఆగడానికి 0.4 సెకను పట్టిందనుకుందాం. ఈలోగా మనిషి 0.8 మీటరు ముందుకొస్తాడు. సెకనుకు 1 మీటరు వేగంతో ఉన్న రోబో గుర్తించేలోగా 0.1, ఆగేలోగా సుమారు 0.2 మీటరు కదులుతుంది. మొత్తం 1.1 మీటరు. కొలతల్లో పొరపాట్లకు దీనిపైన ఇంకొంత కలపాలి.

అయితే మనిషి ఎప్పుడూ లెక్క ప్రకారం నడవడు కదా! జారిన స్పానరు కోసం వంగుతాడు, పక్కవాడితో మాట్లాడుతూ చెయ్యి చాస్తాడు. దీన్ని పరీక్షించడానికి నిజం రోబో ముందు మనిషిని నిలబెట్టలేం. ఇక్కడే వర్చువల్ రియాలిటీ అక్కరకొస్తుంది. కళ్ళకు పెట్టుకునే తెరలో రోబో నిలువెత్తున కనిపిస్తుంది. దాని వేగం, హెచ్చరిక దీపం, శబ్దం మార్చి మార్చి చూడొచ్చు. మనిషి ఎటు చూశాడు, ఎప్పుడు వెనక్కి తగ్గాడు, చేతికీ రోబోకీ మధ్య ఎంత ఎడముంది, అన్నీ కంప్యూటరు రాసుకుంటుంది. ఢీకొన్నా గాలే తగులుతుంది. ఏథెన్స్ జాతీయ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మాట్సాస్, వోస్నియాకోస్ అనే పరిశోధకులు ఇలాంటి శిక్షణ పద్ధతినే రూపొందించి 2017లో వివరించారు.

దీనికీ లోపాలున్నాయి. ఆ తెరలో దూరాలు ఉన్నదానికంటే దగ్గరగా తోస్తాయి. దెబ్బ తగలదు కనుక నొప్పిని కొలవలేం. అందుచేత చివరి పరీక్ష నిజం యంత్రం మీద, జాగ్రత్తలతో జరగాల్సిందే.

మా లాబొరేటరీలో నేనూ అది పెట్టుకుని చూశాను. మొదటిసారి చెయ్యి మీదికొస్తే నిజంగానే వెనక్కి గెంతాను. నాలుగోసారికి కదల్లేదు, అలవాటైపోయింది. అది ఉత్త బొమ్మని తెలియబట్టే కదల్లేదని కొందరు మిత్రులన్నారు. కావచ్చు. కానీ ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసే కార్మికుడికీ ఇలాగే భయం పోతుంది కదా! రేపు ఇంజనీర్లం కాబోయే మనం యంత్రం వేగాన్నే కాదు, మనిషి అలవాటును కూడా లెక్కలో వేసుకోవాలి. నామటుకు నాకు ఆ ఫోర్‌మన్ గారి కేకే మొదటి పాఠం.